కదిలేవాళ్ళు కనబడరు

మార్లా సెకెరాక్ ట్రైపాడ్ కాళ్ళు విప్పి నేలకి ఆనిస్తుంటే వంటగదిలో ఎవరూ ఆమె వైపు తల తిప్పలేదు. బుధవారం కదా, తల తిప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఎల్డన్‌లో స్లోవాక్ సంఘం హాలు నేలమాళిగలో, ఈస్టర్ ముందరి ఉపవాసాలు మొదలయ్యాయంటే వారం వారం ఇదే వరస. బుధవారం బంగాళాదుంపలు ఉడికించి, చీజ్ కలిపి మెదిపి, ఉండలు చేస్తారు. గురువారం పిండి పరిచి, ఉండల్ని లోపల పెట్టి, కజ్జికాయల్లా మడిచి అంచులు నొక్కుతారు. శుక్రవారం వాటిని ఉడికించి, వేయించిన ఉల్లిపాయలూ కరిగిన వెన్నా పోసి అమ్ముతారు. ఈ పియెరోగీలంటే ఆ ఊళ్ళో శుక్రవారం అనే అర్థం. ఆ పొద్దున తలుపు దగ్గర కట్టే బారులో చర్చి గుమ్మం తొక్కనివాళ్ళే ఎక్కువ.

మార్లా వచ్చింది ఆ వంటగదిని ఫోటో తియ్యడానికి. నది మీద కట్టబోయే కొత్త వంతెనకి దారి ఈ హాలు మీంచే పోతుంది. పాత కట్టడాన్ని ప్రభుత్వం సొమ్ముతో కూల్చాలంటే ముందు దాన్ని పెద్ద ఫిల్మ్ మీద ఫోటోలు తీయించి, ఆ నెగటివ్‌లు దస్తావేజుల భాండారంలో దాచాలని నియమం. అరచెయ్యంత ఫిల్మ్, ఒక్కో ఫోటోకి ఒక్కో ముక్క. ఆ ఫిల్మ్ పట్టే కెమెరాని మోసేవాళ్ళు ఆ చుట్టుపక్కల మార్లా తప్ప ఎవరూ మిగల్లేదు. ఆమె ఉక్కు కార్ఖానాని తీసింది, రైల్వే స్టేషన్‌ని తీసింది, తను చదువుకున్న బడిని తీసింది. తీశాక వాటిలో ఒక్కటీ నిలవలేదు. మార్లా వ్యాను వచ్చి ఆగిందంటే ఆ ఇంటికి నూకలు చెల్లినట్టేనని ఊళ్ళో వేళాకోళం. మొదట్లో ఆమె కూడా నవ్వేది.

చెక్క కెమెరాని ట్రైపాడ్ మీద బిగించి, తోలు తిత్తిని ముందుకి సాగదీసి, లెన్సు తగిలించింది. నల్లగుడ్డ తల మీద కప్పుకుని వెనకున్న గరుకు అద్దంలోకి చూసింది. వంటగది మొత్తం తలకిందులుగా అందులో వేలాడుతోంది. పొయ్యిలు పైన, దీపాలు కింద, ఆడవాళ్ళందరూ పైకప్పుని కాళ్ళతో తొక్కుతూ తిరుగుతున్నారు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా ఆమెకి ఇది విసుగు పుట్టలేదు. భుజం మాత్రం విసుగెత్తి చాలా కాలమైంది. మెట్ల మీంచి సామాను దించేటప్పటికే కుడిచెయ్యి పైకి లేవడం మానేసింది.

గుడ్డలోంచి తల బయటపెట్టేసరికి బెర్నడీన్ హుడాక్ ఎదురుగా నించుని ఉంది. ఎనభై దాటిన మనిషి. ఆ వంటగదిలో ఉప్పు సరిపోయిందని ఆమె అనేదాకా సరిపోనట్టే.

"మమ్మల్ని బయటికి పొమ్మంటావా అమ్మాయ్?"

మార్లాకి యాభై ఎనిమిదేళ్ళు. తల్లి స్నేహితురాళ్ళకి మాత్రం ఇంకా అమ్మాయే.

"అక్కర్లేదు ఆంటీ. మీ పని మీరు చేసుకోండి. మీరు ఫోటోలో కనబడరు."

"కనబడమా? ఇంత ఒళ్ళు వేసుకుని నేను కనబడనా?"

మార్లా నవ్వింది. ఈ సంగతి చెప్పడం ఆమెకి సరదా. "ఇక్కడ వెలుగు తక్కువ. ముందు బల్ల నుంచి వెనక గోడ దాకా అంతా స్పష్టంగా పడాలంటే లెన్సు కంత బాగా చిన్నది చెయ్యాలి. అప్పుడు షట్టర్ రెండు నిమిషాలు తెరిచి ఉంచాలి. అంతసేపూ కదలకుండా ఉన్నదే ఫిల్మ్ మీద నిలుస్తుంది. కదిలేవాళ్ళు కనబడరు. రైల్వే స్టేషన్‌ని మిట్టమధ్యాహ్నం జనం మధ్యలో తీశాను, ఒక్క మనిషి పడలేదు."

బెర్నడీన్ చేతిలోని గరిటెను ఏప్రన్‌కి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించింది.

"అంటే పని చేసేవాళ్ళు కనబడరు. ఊరికే పడున్న కుర్చీ కనబడుతుంది."

"కెమెరా తీరు అంతే ఆంటీ."

"మా ఆయన పనిచేసిన ఆఫీసు తీరు కూడా అచ్చం ఇంతే," అంది ఉల్లిపాయలు తరుగుతున్న లూడీ, తల ఎత్తకుండానే. అందరూ నవ్వారు. మార్లా కూడా నవ్వుతూనే ఫిల్మ్ చట్రాన్ని కెమెరా వెనక దోపి, మూతపలక పైకి లాగి, తీగమీట నొక్కి షట్టర్ తెరిచింది. రెండు నిమిషాలు ఆడవాళ్ళు అటూ ఇటూ తిరుగుతూ, దుంపలు మెదుపుతూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ పోయారు. ఆమె గడియారం చూసి షట్టర్ మూసింది. పని సాఫీగా అయింది.

పైకొచ్చాక వ్యాను దగ్గర ట్రెంట్ ఎదురుచూస్తున్నాడు. వంతెన వాళ్ళ తరపున ఈ కాగితాల పనంతా చేసే కన్సల్టెన్సీ కుర్రాడు. మర్యాదస్తుడు. సామాను ఎక్కించడానికి చెయ్యి వేశాడు కూడా.

"ఇంకా ఎందుకండీ ఈ పెట్టె మొయ్యడం?" అన్నాడు. "వచ్చే ఏడాది నుంచి డిజిటల్‌లో తీసెయ్యండి. దాన్నే ఫిల్మ్ మీదికి ఎక్కించి ఇచ్చేవాళ్ళు ఉన్నారిప్పుడు. అప్పట్నించి భాండారం వాళ్ళు ఒప్పుకుంటారట. మీకు శ్రమ తప్పుతుంది, మాకు టైము కలిసొస్తుంది."

"ఆలోచిస్తానండి," అంది మార్లా. మాట వరసకి అనలేదు. పిట్స్‌బర్గ్‌లో పాత కెమెరాలు కొనే ఒకాయన ఆర్నెల్లుగా ఆమెని అడుగుతున్నాడు. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా భుజం నిమురుకుంది, చేరగానే ఆయనకి ఫోన్ చేసి శుక్రవారం ఏదో ఒకటి చెప్తానంది.

గురువారం పొద్దున్న ఆ ఫిల్మ్‌ని కడిగింది. ఇంటి కింద ఒకప్పుడు బొగ్గు పోసుకునే గది ఆమె చీకటిగది. దీపం ఆర్పేస్తే తన చెయ్యి తనకి కనబడదు. వేళ్ళతో తడుముతూ ఫిల్మ్ అంచుమీది గంటు పైకి ఉందో లేదో చూసుకుని, నీళ్ళలో ముంచి, డెవలపర్ పళ్ళెంలోకి జారవిడిచి, పళ్ళెం మూలని పట్టుకుని మెల్లగా ఊపుతూ నించుంది. చలికి మోకాళ్ళు పట్టేశాయి. బొమ్మని నిలబెట్టే హైపో నీళ్ళలో పడ్డాక దీపం వేసి, ఎత్తి చూసింది.

ఎంత బాగా పడిందో చెప్పలేం. పొయ్యి మీది ఇనపకమ్ముల అతుకులు, గోడకి కొట్టిన మేకులు, బల్ల మీద కత్తిగాట్లు, అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. తను తీసిన వాటిలో ఇంత నిండైన నెగటివ్ ఇంకోటి లేదనిపించి మార్లాకి ఒళ్ళు పొంగింది. వంటగదిలో ఒక్కరూ లేరు. పొయ్యి మీద గిన్నెల దగ్గర ఆవిరి మాత్రం చిన్న మసకలా పడింది. అదీ తుడవని దుమ్ములా ఉంది.

అలవాటు కొద్దీ దాన్ని కిటికీకి పెట్టి, ఫోన్‌తో ఒక ఫోటో తీసి ట్రెంట్‌కి పంపింది. అతను వెంటనే ఫోన్ చేశాడు.

"అద్భుతంగా ఉందండీ. బాగా ఖాళీ చేయించారు. రిపోర్టులో రాసిందానికి సరిగ్గా సరిపోయింది."

"ఏం రాశారు?"

"అదే, కట్టడం చాలా కాలంగా వాడుకలో లేదని."

మార్లా కుర్చీలో కూర్చుంది. "వాడుకలో లేకపోవడమేంటండీ? నిన్న నేను తీస్తున్నప్పుడు గది నిండా ఆడవాళ్ళున్నారు. అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేదు."

"నేను సోమవారం వెళ్ళి చూశానండి. ఎవరూ లేరు. పై హాలుకి తాళం."

"పైన కప్పు కారుతోందని తాళం వేశారు. కింద వంటగది నడుస్తూనే ఉంది. ఈ ఊళ్ళో సోమవారం మంగలి షాపు కూడా తెరవరు, సోమవారం వెళ్తే ఎవరుంటారు?"

 ట్రెంట్ గొంతు ఇంకా మర్యాదగా మారింది. "చూడండి, వాడుకలో ఉందని రాస్తే వాళ్ళకి ఇలాంటి వంటగది ఇంకోటి ఏర్పాటు చేశాకే దీన్ని కూల్చాలి. ఏడాది ఆలస్యం. ఇప్పుడా మాట ఎత్తితే ఎవరూ ఒప్పుకోరు. అయినా మీ నెగటివ్‌లోనే ఎవరూ లేరు కదండీ."

"నిన్న కెమెరా బిగించేముందు నా ఫోన్‌లో తీసినవి ఉన్నాయి. అందులో అందరూ ఉన్నారు. పంపిస్తాను."

"ఫోన్‌లో తీసినవి దస్తావేజు కిందికి రావు. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. సోమవారం మొత్తం కట్ట వెళ్ళిపోవాలి. నెగటివ్ ఆరాక తీసుకుంటాను."

ఫోన్ పెట్టేశాక మార్లా చాలాసేపు అక్కడే కూర్చుంది. ఆమెకి ట్రెంట్ మీద కంటే కెమెరా మీద ఎక్కువ మండింది. చెక్కపెట్టె, తిత్తి, నల్లగుడ్డ, ఫిల్మ్ చట్రాలు, భుజం నొప్పి, చీకటిగదిలో చలి. ఇంత తంటా పడి తను చేసిందేంటి? కళ్ళెదుట పనిచేస్తున్న మనుషుల్ని తుడిచేసింది. జేబులో ఫోన్ అయితే రెప్పపాటులో అందరినీ పట్టుకుంది. పైగా తనే గొప్పగా చెప్పింది, మీరు కనబడరు అని. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. పిట్స్‌బర్గ్ ఆయన నంబరు తీసింది. నొక్కబోయి, ఆగి, కోటు వేసుకుని హాలుకి బయల్దేరింది. ముందు బెర్నడీన్‌కి చెప్పాలి. అమ్మకం తర్వాతైనా చెయ్యొచ్చు.

గురువారం కాబట్టి బల్లల చుట్టూ అందరూ కూర్చుని మడతలు నొక్కుతున్నారు. మార్లా నించునే జరిగింది జరిగినట్టు చెప్పింది. తను ట్రెంట్‌కి ఫోటో పంపిన సంగతి కూడా దాచలేదు. ఆమె చెప్తున్నంతసేపూ వేళ్ళు ఆగలేదు. పిండిలో ఉండ పెట్టడం, మడవడం, బొటనవేలితో అంచు నొక్కడం. చివరికి బెర్నడీన్ వేళ్ళు ఆగాయి.

"వాడుకలో లేదా? నా నడుముని అడుగు, వాడుకలో ఉందో లేదో."

"మొన్న వంతెన మీటింగ్‌లో ఆ కుర్రాడికి చెప్పాంగా," అంది లూడీ. "తల ఊపుతూ అంతా రాసుకున్నాడు."

"ఏం రాసుకున్నాడో ఇప్పుడు తెలిసింది," అంది బెర్నడీన్. మార్లా వైపు తిరిగింది. "నీ కెమెరా కదిలేవాళ్ళని వదిలేస్తుందన్నావు. కదలకపోతే?"

"కదలకపోతే పడతారు. రెండు నిమిషాలు. కళ్ళు ఆర్పినా పర్లేదు, ఊపిరి పీల్చినా పర్లేదు. తల, చేతులు, కాళ్ళు మాత్రం కదలకూడదు. కెమెరా వ్యానులోనే ఉంది. ఇలా కూర్చునే ఉన్నారు కాబట్టి ఇప్పుడే తీసేస్తే తేలిక."

"ఇప్పుడొద్దు. ఇలా కూర్చుని ఉంటే ముసలాళ్ళు పేకాటకి చేరారంటాడు. రేపు రా. గిన్నెలు పొయ్యి మీద ఉండాలి, తలుపు దగ్గర జనం ఉండాలి. వాడుక అంటే ఏంటో చూడనీ."

లూడీ చేతిలోని పిండిముద్ద బల్ల మీద పడేసింది. "శుక్రవారమా? నీకు మతి పోయిందా బెర్నీ? శుక్రవారం నేను బాత్రూముకి వెళ్ళడానికే తీరదు. ఉల్లిపాయలు మాడిపోతే ఎవరికి చెప్పుకోను?"

"మాడనీ."

ఆ మాటకి గది గదంతా బెర్నడీన్ వైపు చూసింది. ఉల్లిపాయ రవ్వంత నల్లబడితే మూకుడు మూకుడే పారబోయించిన మనిషి ఆమె.

"ఇంత గొడవ ఎందుకు, ఆ ఫోన్ ఫోటోలే నలుగురికీ చూపిస్తే సరిపోదా?" అంది ఇంకెవరో.

"చూస్తారు, పాపం అంటారు, అక్కడితో సరి," అంది మార్లా. తన నోటి నుంచి ఆ మాట వచ్చాకే ఆమెకి తను ఏం చెప్తోందో తెలిసింది. "భాండారంలోకి వెళ్ళేది ఫిల్మ్ ఒక్కటే. దాన్ని చెరిపి దిద్దడానికి ఉండదు. వందేళ్ళ తర్వాత ఎవరు తీసి చూసినా అదే ఉంటుంది."

"అయితే రేపు పొద్దున్నే రా," అంది బెర్నడీన్, మళ్ళీ పిండి అందుకుంటూ.

శుక్రవారం మార్లా వెళ్ళేసరికే బారు మలుపు తిరిగింది. లోపల నాలుగు పొయ్యిల మీద నీళ్ళు మరుగుతున్నాయి. వెన్న వాసన, ఉల్లిపాయల వాసన, తడి కోట్ల వాసన. గోడ మీది ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరో ఒకరు పరిగెత్తి ఆర్డర్లు రాసుకుంటూనే ఉన్నారు. మార్లా మూలగా ట్రైపాడ్ నిలబెట్టి, నల్లగుడ్డ కింద దూరి, తలకిందుల వంటగదిలో ఒక్కొక్కరినీ చూసి చోటు చెప్పింది. బెర్నడీన్ పెద్దపొయ్యి దగ్గర, చెయ్యి ఫ్రీజర్‌కి ఆనించి. లూడీ మూకుడు దగ్గర. మిగతావాళ్ళు బల్ల వెంబడి. ఏదో ఒకదానికి ఆనుకోమంది, లేకపోతే తెలియకుండానే ఊగుతారు.

ఐరీన్ వార్గో మాత్రం చోటులోకి రాలేదు. గిన్నెలు కడిగే తొట్టి వెనక నించుంది.

"నన్ను వదిలెయ్ మార్లా. నా చేతులు చూశావుగా." ఎత్తి చూపించింది. వేళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. రెండేళ్ళుగా ఆమెకి ఈ వణుకు. అయినా మడతలు నొక్కడం మానలేదు. ఆమె నొక్కిన అంచులకి వంకీలు ఎక్కువ, అంతే. "నేనుంటే మీ ఫోటో పాడవుతుంది."

"చేతులు మసకగా పడతాయి. మొహం పడుతుంది," అంది మార్లా.

"మొహం చాల్లే, రావే," అంది బెర్నడీన్. ఐరీన్ వచ్చి బల్లకి నడుము ఆనించి నించుంది.

మార్లా లెన్సు కంత చిన్నది చేసి, షట్టర్ మూసి, చట్రం దోపింది. మూతపలక లాగింది. "ఊపిరి పీల్చుకోండి. మొదలు." అందరూ బిగుసుకున్నారు. పొయ్యిల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ వంటగది అంత నిశ్శబ్దంగా ఉండటం ఎవరూ ఎరగరు. సగం సమయం గడిచిందో లేదో తలుపు తోసుకుని పోస్టుమాన్ రడోవిచ్ లోపలికొచ్చాడు. ఆడవాళ్ళందరూ బొమ్మల్లా నిలబడి ఉండటం చూసి టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"అయ్యో. ఎవరు పోయారు?"

లూడీ పక్కున నవ్వింది. అంతే, అందరూ కదిలారు. మార్లా షట్టర్ మూసేసింది.

"నువ్వే పోతావు, నోరు ముయ్యకపోతే," అంది బెర్నడీన్. "బయటికి పో. తలుపుకి అడ్డంగా నించో. నేను పిలిచేదాకా ఎవరు లోపలికి వచ్చినా వాళ్ళకి ఈ శుక్రవారమే కాదు, వచ్చే శుక్రవారం కూడా పెట్టను."

రడోవిచ్ తలుపుకి వీపు ఆనించి నించున్నాడు. బారులో గొణుగుడు మొదలైంది. ఉల్లిపాయలు అంచుల్లో నల్లబడుతున్నాయి. మార్లా మూతపలకని నల్ల అంచు బయటికి వచ్చేలా తిప్పి దోపింది, ఇది వాడేసిన వైపు అని గుర్తు. చట్రానికి రెండు వైపులా ఒక్కో ఫిల్మ్ ఉంటుంది కాబట్టి దాన్ని తిరగేసి రెండో వైపు పెట్టింది. ఇలాంటప్పుడే చెయ్యి తడబడి ఒకే ఫిల్మ్ మీద రెండుసార్లు తీసేస్తుంటారు. ఆమె ఆగి, తెల్ల అంచు చూసుకుని, అప్పుడు లాగింది.

"మళ్ళీ. ఇదే ఆఖరి ఫిల్మ్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మూకుడులోంచి సన్నగా పొగ లేచింది. లూడీ ఆ పొగని చూస్తూ అట్లకాడ పట్టుకుని అలాగే ఉంది. ఆమె ముక్కుపుటాలు మాత్రం అదిరాయి. అప్పుడు గోడ మీది ఫోన్ మోగింది.

ఆ ఫోన్‌ని ఆ వంటగదిలో ఎవరూ ఎప్పుడూ రెండోసారి మోగనివ్వరు. అది మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. దాని పక్కనే నించున్న అమ్మాయి చెయ్యి చాపితే అందుతుంది, కానీ చాపలేదు. బెర్నడీన్ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. పొగకో కోపానికో తెలీదు, ఆమె తుడుచుకోలేదు. ఒక గిన్నె పొంగి పొయ్యి మీదికి జారి చుయ్యిమంది. ఒక్కరూ కదల్లేదు. కెమెరా పక్కన మార్లా తీగమీట పట్టుకుని గడియారం వైపు, వాళ్ళ మొహాల వైపు మార్చి మార్చి చూసింది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె మనుషుల్లేని గదుల్ని తీస్తోంది, మనుషులు తన కోసం ఇలా నిలబడటం ఎన్నడూ చూడలేదు.

షట్టర్ మూసి, "అయిపోయింది," అంది. వెంటనే అందరూ ఒకేసారి అరుస్తూ మూకుళ్ళ మీద పడ్డారు. నల్లబడ్డ ఉల్లిపాయలు ఆ రోజు అలాగే వడ్డించారు. ఎవరూ వంక పెట్టలేదు, రడోవిచ్ అయితే ఇవాళ రుచి ఎక్కువగా ఉందన్నాడు.

మధ్యాహ్నం ఫిల్మ్ కడిగి, దీపం వేసి చూసింది. పొయ్యి దగ్గర నీళ్ళు పొంగిన చోట మసక. అట్లకాడ కింద మసక. ఐరీన్ ఏప్రన్ ముందు, ఆమె చేతులు ఉండాల్సిన చోట, చిన్న మబ్బు. మిగతా అందరూ ఉన్నారు. బెర్నడీన్ చెంప మీది తడి కూడా ఉంది. ఫిల్మ్‌ని క్లిప్పుకి వేలాడదీస్తుంటే పిట్స్‌బర్గ్ ఆయనే ఫోన్ చేశాడు. శుక్రవారం చెప్తానందిగా.

"అమ్మడం లేదండీ," అంది మార్లా.

"డబ్బు తక్కువనిపించిందా?"

"అది కాదు."

కారణం చెప్పాలంటే చాలా చెప్పాలి. ఈ కెమెరాతో తంటా ఎక్కువని అందరూ అంటారు, నిజమే. కానీ ఇవాళ ఆ తంటా ఆమె ఒక్కతే పడలేదు. ఫోన్ కెమెరా ముందు ఎవరూ ఏదీ ఆపుకోనక్కర్లేదు. దీని ముందు వాళ్ళు ఉల్లిపాయలు మాడ్చుకున్నారు, ఆర్డరు పోగొట్టుకున్నారు, నించున్నారు. ఆ నించోవడమే ఫిల్మ్ మీద పడింది. ఆయనకి మాత్రం "మనసు మార్చుకున్నాను" అని చెప్పి పెట్టేసింది.

శనివారం నెగటివ్‌లు తీసుకోవడానికి ట్రెంట్‌ని ఇంటికి కాకుండా హాలుకి రమ్మంది. శనివారం అక్కడ గుడ్డలు ఉడకబెట్టే రోజు. వారమంతా వాడిన ఏప్రన్‌లూ చేతిగుడ్డలూ పెద్ద గిన్నెలో సోడా వేసి మరిగిస్తారు. ట్రెంట్ వచ్చేసరికి మార్లా శుక్రవారం నెగటివ్‌ని కిటికీకి ఎత్తి పట్టుకుని ఉంది, ఆడవాళ్ళు చుట్టూ మూగి ఉన్నారు. నెగటివ్‌లో తెలుపు నలుపవుతుంది కదా, అందరి నెరిసిన జుట్టూ నల్లగా నిగనిగలాడుతోంది.

"పెళ్ళినాటి జుట్టు వచ్చేసిందే," అంది లూడీ, తన తల వైపు వేలు పెట్టి.

"నా చేతులు సరిగ్గానే పడ్డాయి," అంది ఐరీన్. "ఇలాగే ఉంటాయి మరి."

ట్రెంట్ నెగటివ్‌ని దగ్గరగా చూశాడు. అతని మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"బాగుందండీ. కానీ ఇలాంటి ఫోటోల్లో మనుషులు ఉండకూడదు."

"ఉండకూడదని ఎక్కడా లేదు. అలవాటు లేదు, అంతే," అంది మార్లా.

"సరే. బుధవారం తీసింది ఉందిగా. అది ఇవ్వండి, చాలు."

మార్లా చేతిసంచీలోంచి రెండో కవరు తీసింది. ఇవ్వకూడదని అనుకుని రాలేదు. ఇవ్వాలని కూడా అనుకోలేదు. ఏడాదిలో ఆమెకొచ్చే పనుల్లో సగానికి పైగా ఈ కుర్రాడి ఆఫీసు నుంచే వస్తాయి. కవరులోంచి ఫిల్మ్ బయటికి తీసి అంచులు పట్టుకుని నించుంది. ట్రెంట్ చెయ్యి చాపాడు.

"నన్ను చూడనీ," అంది ఐరీన్.

మార్లా ట్రెంట్ చేతి వైపు ఒకసారి, ఐరీన్ వణికే వేళ్ళ వైపు ఒకసారి చూసింది. ఫిల్మ్ ఐరీన్ చేతికి ఇచ్చింది.

ఐరీన్ దాన్ని కిటికీ వైపు ఎత్తింది. పొయ్యి, మేకులు, గాట్లు, ఖాళీ బల్ల. చాలాసేపు వెతికింది.

"ఇందులో నేనెక్కడున్నాను?"

"ఎక్కడా లేరు ఆంటీ."

"ఈ బల్ల దగ్గరే కదా నించున్నాను. దుంపలు మెదుపుతూ. కాళ్ళు పీకాయి కూడా."

"అక్కడే ఉన్నారు. కదిలారు కాబట్టి పడలేదు."

ఐరీన్ తల ఊపింది. రెండడుగులు వేసి, మరిగే గిన్నె మీదికి చెయ్యి చాపి, ఫిల్మ్‌ని అందులోకి వదిలేసింది. తొణక్కుండా, బెణక్కుండా వదిలింది. ఆ ఒక్క క్షణం ఆమె వేళ్ళు ఆడలేదని గదిలో అందరూ చూశారు.

"చేతులు వణుకుతాయి నాయనా," అంది ట్రెంట్‌తో. "ఏమీ అనుకోకు."

ట్రెంట్ గిన్నె వైపు దూకాడు. అప్పటికే బెర్నడీన్ పెద్ద కర్ర పట్టుకుని గుడ్డల్ని తిప్పుతోంది. ఏప్రన్‌ల మధ్య ఫిల్మ్ ఒకసారి పైకి తేలి, మునిగి, మళ్ళీ కనబడలేదు. మార్లా గిన్నె వైపే చూస్తూ నించుంది. జీవితంలో తను తీసినవాటిలో అంతకంటే నిండైన నెగటివ్ లేదు, ఇక ఉండకపోవచ్చు కూడా. అయినా చెయ్యి చాపలేదు.

"ఇది చాలా పెద్ద తప్పండీ," అన్నాడు ట్రెంట్. అతని చెవులు ఎర్రబడ్డాయి. "మా దగ్గర నుంచి ఇక మీకు పని రాదు."

"రాకపోతే మానె," అంది మార్లా. అప్పటిదాకా మీరు మీరు అన్న మనిషి ఏకవచనంలోకి దిగింది. "నువ్వు సోమవారం పంపాలంటే వంటగదిది ఇదొక్కటే ఉంది. పంపిస్తే వీళ్ళతో కలిపి పంపించు. లేదంటే ఇలాంటి కెమెరా మోసేవాళ్ళు ఇంకెక్కడున్నారో వెతుక్కో. అప్పటిదాకా నీ వంతెన ఆగుతుంది."

ట్రెంట్ ఫోన్ తీసి ఆఫీసుకి చేశాడు. శనివారం కదా, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. గిన్నెలో గుడ్డలు బుడబుడమంటున్నాయి. ఆడవాళ్ళెవరూ అతన్ని పొమ్మనలేదు, కూర్చోమనలేదు. వాళ్ళ పని వాళ్ళు మొదలుపెట్టారు. ఒకామె అతని కాళ్ళ దగ్గర నేల తుడుస్తూ, అడ్డంగా ఉంటే పక్కకి జరగమంది. అతను జరిగాడు. చివరికి ఫోన్ జేబులో పెట్టుకుని, శుక్రవారం నెగటివ్‌ని కిటికీ వెలుగులో మళ్ళీ చూశాడు. మొహాల మీద ఒక్కొక్కదాని మీదా చూపు ఆపుకుంటూ వెళ్ళాడు.

"దీని కింద పేర్లు రాయాలి," అన్నాడు నెమ్మదిగా. "ఎవరెవరో నాకు తెలీదు."

బెర్నడీన్ కర్ర పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, స్టూలు ఒకటి కాలితో అతని వైపు తోసింది.

"కూర్చో. ఒక్కొక్కరే వచ్చి చెప్తారు," అంది. "ముందు ఐరీన్‌ది రాసుకో."